లాప్‌టాప్‌కి సెలవు రోజు

జగ్గారావు లాప్‌టాప్‌ని రెండు చేతులా ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో టక్‌మని కొట్టాడు.

ఖరగ్‌పూర్‌లోని ఇందా పేటలో ఆ కంప్యూటర్ షాపు తెరిచినప్పటి నుంచీ రకరకాల జనం వచ్చారు. ధర చూసి వెనక్కి తిరిగినవాళ్ళున్నారు, మూత తెరిచి సెల్ఫీ తీసుకుని పోయినవాళ్ళున్నారు. సరుకుని కొట్టి, కళ్ళు మూసుకుని విన్నవాడు మాత్రం ఇతనే మొదలు.

జగ్గారావు తప్పేమీ లేదు. రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లు చూసే పని అతనిది. చిన్న సుత్తితో చక్రాన్ని కొడతాడు. మంచి చక్రం గంటలా మోగుతుంది, పగులున్న చక్రం పగిలిన కుండలా పలుకుతుంది. ముప్పై ఏళ్ళుగా అతని చెవి ఎప్పుడూ మోసపోలేదు. పెళ్ళిచూపుల్లో సింహాచలమ్మ ఇచ్చిన కాఫీ గ్లాసుని కూడా అలాగే కొట్టి చూశాడని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది.

"పలకడం నేదు," అన్నాడు జగ్గారావు పెదవి విరిచి. "బాబూ, ఇది ప్లాస్టిక్కేటి?"

"పైన ప్లాస్టిక్కే అంకుల్," అన్నాడు కౌంటర్ వెనక కుర్రాడు.

"లోపల ఇనుమేనా?"

"లోపల ఇనుమెందుకు అంకుల్?"

"ఇనుము నేని మిషనేటి బాబూ! అది మిషనా, తిరనాళ్ళ బొమ్మా?"

కుర్రాడు పెదవులు గట్టిగా బిగించాడు. నవ్వు అక్కడ దారి దొరక్క ముక్కులోంచి బయటపడింది. జగ్గారావు కూతురు నీలవేణి చూడనే చూసింది.

"ఏటండీ నవ్వుతున్నారు?"

"నవ్వలేదండీ. తుమ్ము."

"తుమ్మితే అన్ని పళ్ళు కనబడవు."

కుర్రాడి చొక్కా మీద 'సిరిల్' అని పేరు చీటీ ఉంది. అతను తల వంచుకుని, పని మీద మనసు పెట్టినట్టు మొహం పెట్టాడు. "ఏం చదువుతున్నారండీ?"

"ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్. మేదినీపూర్‌లో యూనివర్సిటీ. న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్ నుంచి రోజూ లోకల్ రైల్లో వెళ్ళి రావాలి."

సిరిల్ అల్మరాలోంచి పలచటి నల్ల లాప్‌టాప్ ఒకటి తీసి ముందు పెట్టాడు. "అయితే మీకు ఇది చాలు."

ఆ ఒక్క మాట దగ్గరే బండి పట్టాలు తప్పింది. నీలవేణి చిన్నప్పటి నుంచీ వింటున్న మాట అది. ఆడపిల్లకి డిగ్రీ చాలు. చదువుకోడానికి ఫోన్ చాలు. కిటికీ పక్క సీటు మగపిల్లలకి, నీకు మధ్య సీటు చాలు. ఇప్పుడు ఈ తుమ్ములవాడు కూడా!

"నాకేది చాలో మీకెలా తెలుసండీ?"

"అది కాదండీ. కిలో పైన కొంచెం బరువు. బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుంది. రైల్లో తిరిగేవాళ్ళకి..."

"అదేటి?" నీలవేణి మూలకి వేలు చూపించింది. అక్కడ అంగుళం పైన మందాన ఒక లాప్‌టాప్, మీటల కింద ఎర్ర దీపాలతో రథంలా మెరుస్తోంది.

"అది ఆటలాడుకునేవాళ్ళకండీ. దాని బరువు దీనికి రెట్టింపు. ఛార్జరే ఒక ఇటిక. బ్యాటరీ రెండు క్లాసులు కూడా రాదు."

"మీరు అమ్మడానికి ఉన్నారా, అడ్డుపడ్డానికి ఉన్నారా?"

"ఇప్పటిదాకా అమ్మడానికేనండీ."

"అయితే అదే ఇవ్వండి."

జగ్గారావు దాన్ని ఎత్తాడు. ఎత్తగానే అతని మొహం వికసించింది. ఒక దెబ్బ కొట్టి విన్నాడు. "అద్గదీ! పలికినాది. మిషనంటే ఇదీ!"

బిల్లు రాస్తూ సిరిల్ మెల్లగా అన్నాడు. "ఒక్క మాట చెప్పొచ్చా?"

"వద్దు."

"లాప్‌టాప్ గురించి కాదు. మీరు రాసుకున్నదంతా ఇంకోచోట ఒక కాపీ పెట్టుకుంటూ ఉండండి. పెట్టె పోతే పెట్టె వస్తుంది. రాసింది రాదు."

"మా నాన్న ఉండగా పెట్టె ఎక్కడికీ పోదు," అంది నీలవేణి.

ఆ మాట ఎంత నిజమో ఆమెకి ఇంటికి వెళ్ళాకే తెలిసింది.

షాపువాళ్ళు ఇచ్చిన బట్ట సంచీని జగ్గారావు రెండు వేళ్ళతో పట్టుకుని సింహాచలమ్మకి ఇచ్చేశాడు. "ఉల్లిపాయలేసుకో." అటక మీది పాత రేకు పెట్టెని దించి, లోపల కంబళి ముక్కలు పరిచి, పక్కలకి ఇనప పట్టీలు బిగించి, గొళ్ళానికి తాళం వేశాడు. వ్యాగన్లకి వేసే ముదురు ఎరుపు రంగు పూశాడు. ఆ రంగు ఆరాక, వ్యాగన్ల మీద రాసినట్టే తెల్ల అక్షరాలతో నంబరు, ఖాళీ బరువు, మళ్ళీ తనిఖీకి రావలసిన తేదీ రాశాడు. సింహాచలమ్మ ఒక మూల కాటుక బొట్టు పెట్టి, గొళ్ళానికి నల్లతాడు కట్టింది. కొత్త కోడలికి కూడా అంత కాపలా ఉండదు.

"అమ్మా, దీన్ని మోసుకుని నేను యూనివర్సిటీకి ఎలా వెళ్ళాలి?"

"అదేటి, మీ నాన్న ఏరికోరి సేసినాడు. వర్క్‌షాపులో అందరికీ సెప్పుకున్నాడు కూడాను. మొయ్యి."

మోసింది. మేదినీపూర్ లోకల్లో ఆ ఎర్ర పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఎదురుగా ఉన్న బెంగాలీ ముసలామె ముందుకి వంగి వాసన చూసింది.

"మాఛ్ ఆఛే నాకి, మా?" చేపలున్నాయా అమ్మా, అని.

"లేదు మాసీ, కంప్యూటర్."

ముసలామె నమ్మలేదు. "ఇలిష్ చేప అయితే చెప్పు, నాకూ ఒకటి కావాలి," అంది బెంగాలీలో, రహస్యంగా.

వెనక నుంచి ముక్కులోంచి వచ్చే ఆ చప్పుడు వినిపించింది. నీలవేణి తిరిగి చూడకుండానే అంది, "మళ్ళీ తుమ్మా?"

"ఈసారి నవ్వేనండీ," అన్నాడు సిరిల్. "షాపు పని మీద మేదినీపూర్ వెళుతున్నాను. అక్కడ ఆఫీసులో కంప్యూటర్ పాడైందట." అతను పెట్టె అందుకున్నాడు. అందుకోగానే కుడి భుజం కిందకి జారింది. "ఇందులో ఉన్నది లాప్‌టాపా, ఇంజినా?"

ఆమెకి నవ్వు రాబోయి కన్నీళ్ళు వచ్చాయి. భుజం వాచిపోయింది. రెండో క్లాసుకే బ్యాటరీ చచ్చిపోతోంది. ఛార్జర్ పెట్టుకోడానికి గోడ పక్క సీటు కోసం రోజూ యుద్ధం చేయాలి. అన్నీ చెప్పేసింది. చెబుతూ చెబుతూ, అతను ఎప్పుడు 'నేను ముందే చెప్పాను కదా' అంటాడా అని చూసింది. ఆ మాట అతని పెదవి చివర వేలాడుతూనే ఉంది, కానీ అతను దాన్ని కిందకి దించలేదు. గోకుల్‌పూర్ స్టేషన్ దాటాక ఇంత మాత్రం అన్నాడు.

"అసలు దీంతో మీరేం చెయ్యాలి?"

ఆమె చెప్పింది. చక్రం మీద సుత్తితో కొట్టిన చప్పుడుని బట్టి పగులు పట్టుకోవడం కంప్యూటర్‌కి నేర్పాలి. అదే ప్రాజెక్టు.

"మీ నాన్నగారి చెవిని కంప్యూటర్‌కి పెడతారన్నమాట."

"అవును."

"ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది," అన్నాడు సిరిల్. "దీన్ని మార్చుకోండి. వారం కాలేదు కదా, మా ఓనరు ఘోష్ దాదాని నేను ఒప్పిస్తాను."

ఆమె మార్చమంది. మర్నాడే పెట్టెలోకి పలచటి లాప్‌టాప్ వచ్చింది. నలుపు నలుపే, కంపెనీ అదే కంపెనీ. నాన్నతో ఎలా చెప్పాలా అని నీలవేణి మూడు రకాలుగా అనుకుంది, మూడూ గొంతులోనే ఉండిపోయాయి. అతను వర్క్‌షాపులో క్యాంటీన్ దాకా చెప్పుకుని వచ్చాడు మరి, మా పిల్ల లాప్‌టాప్ చక్రంలా పలుకుతుందని.

ఆ తర్వాత మేదినీపూర్‌లో కంప్యూటర్లు విపరీతంగా పాడవడం మొదలైంది. వారానికి రెండు, ఒక్కోసారి మూడు.

"మేదినీపూర్‌లో ఏదైనా జబ్బు తిరుగుతోందేటి?" అని అడిగింది నీలవేణి ఒకరోజు. కిటికీలోంచి వాన జల్లు ఆమె మొహం మీద పడుతోంది. అతను లేచి అద్దం దించబోయాడు.

"ఉండనివ్వండి," అంది.

"లాప్‌టాప్ తడుస్తుంది."

"ఇనప్పెట్టెలో ఉంది."

"నేను తడుస్తానండీ."

"తడవండి. కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళకి జలుబు చెయ్యదు. తుమ్ములు ముందే అలవాటు."

సిరిల్ తడిశాడు. వాళ్ళ మధ్య సీటు మీద ఎర్ర పెట్టె ఇంటి పెద్దలా కూర్చుంది.

పెట్టె మీద రాసిన తనిఖీ తేదీ వచ్చింది. జగ్గారావు రంగూ రూపం పట్టించుకునే మనిషి కాదు, కానీ బరువు అతని చేతికి తెలుస్తుంది. లాప్‌టాప్ ఎత్తి, అలాగే గాల్లో పట్టుకుని ఉండిపోయాడు.

"దీంట్లో సామాన్లు తీసేసినారు!"

నీలవేణి నోరు తెరిచేలోగా అతను చెప్పులేసుకున్నాడు. ఆమె వెనకాల పరుగెత్తింది. ఇందాలో షాపు మెట్లెక్కుతూనే జగ్గారావు కేకలేశాడు. "ఏరా బాబూ! ఆడపిల్ల అమాయకంగా ఇస్తే, లోపల పార్టులు పీకేసుకుంటావేటి?"

సిరిల్ జగ్గారావుని చూశాడు. తర్వాత అతని వెనక నిలబడ్డ నీలవేణిని చూశాడు. ఆమె మొహం సున్నం కొట్టినట్టుంది. అతనికి అర్థమైంది.

"పార్టులు తీయలేదు అంకుల్. మిషనే మార్చాను. తేలికది ఇచ్చాను. తప్పు నాదే."

"నన్ను అడక్కుండానా?"

"అడగాల్సింది అంకుల్."

ఘోష్ దాదా లేచి వచ్చి, "ఏకీ, ఏమిటిది జగ్గాబాబూ, కూర్చోండి, టీ తాగండి," అంటూ సర్దిచెప్పాడు. జగ్గారావు టీ ముట్టలేదు. "నువ్వు మా గుమ్మం తొక్కడానికి నేదు," అని సిరిల్‌కి చెప్పి మెట్లు దిగాడు. నీలవేణి నేల చూసుకుంటూ అతని వెంట నడిచింది. 'నేనే మార్చమన్నాను నాన్నా' అన్న మూడు మాటలు ఇందా నుంచి న్యూ సెటిల్‌మెంట్ దాకా ఆమె పళ్ళ వెనక కూర్చుని వచ్చాయి, దిగలేదు.

ఆ మర్నాటి నుంచి మేదినీపూర్‌లో ఒక్క కంప్యూటరూ పాడవలేదు. 'సారీ' అని ఆమె పంపిన మెసేజ్‌కి అతను 'పరవాలేదండీ' అని ఒక్క ముక్క పంపాడు. ఆ ఒక్క ముక్క చూసి ఆమెకి ఆ రోజు అన్నం సహించలేదు.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది.

ఖరగ్‌పూర్‌లో ఆ రోజు మనుషులకి ఎంత పండగో మిషన్లకి అంతకంటే పండగ. వర్క్‌షాపులో లేత్ మిషన్లకి బంతిపూల దండలు, క్రేన్లకి మామిడాకులు, ఆకాశం నిండా గాలిపటాలు. పూజయ్యాక మర్నాడు పొద్దున్న దాకా ఏ మిషనూ తిప్పరు, ఏ పనిముట్టూ ముట్టరు. హిందువులైనా క్రైస్తవులైనా అంతే. జగ్గారావు పక్కన పని చేసే ఎబినేజర్ ఆదివారం చర్చి మానేస్తాడేమో గానీ ఆ రోజు సుత్తి పట్టుకోడు.

వర్క్‌షాపులో పూజ చూసుకుని జగ్గారావు ఇంట్లో మళ్ళీ పూజ చేస్తాడు. స్పానర్లు, సైకిలు, సింహాచలమ్మ కుట్టుమిషను, మిక్సీ, అన్నీ ముందు గదిలో ముగ్గు మీద వరసగా కూర్చుంటాయి. ఫ్యాన్‌ని మాత్రం వదిలేశాడు, ఉక్కపోత మరి.

"మిక్సీకి సెలవు, కుట్టుమిషనుకి సెలవు, నాకు మాత్రం నేదు," అంటూ సింహాచలమ్మ రోట్లో పచ్చడి నూరింది.

ఈ ఏడాది వరసలో లాప్‌టాప్ కొత్తగా చేరింది. మెడలో బంతిదండ, నుదుట కుంకుమ.

మధ్యాహ్నం కిచిడీ తింటుండగా నీలవేణి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. చదివి, చేతిలో ముద్ద విస్తట్లోనే వదిలేసింది. ప్రాజెక్టు ప్రతిపాదన పంపడానికి రేపటి దాకా గడువని అనుకుంది. ప్రొఫెసర్ దాన్ని ఈ సాయంత్రం ఐదుకే మూసేస్తున్నాడు. పంపకపోతే ఈ సెమిస్టర్ ప్రాజెక్టు లేనట్టే. చివరి పేజీ ఇంకా రాయలేదు. రాసినదంతా ముగ్గు మీద, బంతిదండ కింద ఉంది. ఇంకెక్కడా కాపీ లేదు. ఆ మాట ఎవరు చెప్పారో, తను ఎంత పొగరుగా జవాబిచ్చిందో కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"నాన్నా, ఒక్క గంట. లాప్‌టాప్ తీసుకుంటాను."

జగ్గారావు తినడం ఆపకుండానే తల అడ్డంగా ఊపాడు. ఎడమ చెయ్యి ముందుకి చాపాడు. చూపుడు వేలు సగానికే ఉంది.

"ఇరవై రెండేళ్ళప్పుడు నేనూ 'ఒక్క గంట' అనే అన్నాను. పూజ దినం డ్రిల్లు తిప్పినాను. నీ రెండు సేతులూ చూపించు, పది వేళ్ళూ ఉన్నాయా నేదా?"

నీలవేణి ఆ సగం వేలి వంక చూసింది. ఆ వేలితో వాదించడం ఎవరి వల్లా కాదు. నియమం మీదకి నియమాన్నే తోలాలి. ఆమె ఆలోచించింది. ఆలోచిస్తే చిన్నప్పటి విశ్వకర్మ పూజ ఒకటి కళ్ళ ముందుకొచ్చింది.

"నాన్నా, నేను నాలుగో తరగతిలో ఉండగా పూజ రోజే సైరన్ మోగింది, గుర్తుందా? నువ్వు కిచిడీ వదిలేసి పరుగెత్తినావు."

"ఎందుకు గుర్తు నేదు? గూడ్సు పట్టాలు తప్పినాది."

"ఆ రోజు క్రేన్ తిప్పినారా, లేదా?"

"తిప్పకపోతే లైనెలా తెరుస్తారే?"

"పూజ రోజు కదా?"

"బ్రేక్‌డౌన్ బండికి పూజ ఉంటాది గానీ సెలవు ఉండదు. అది రూలు."

"ఇది నా బ్రేక్‌డౌన్ నాన్నా."

జగ్గారావు నమలడం ఆపాడు. "పట్టాలు తప్పినదేటి?"

"నా సెమిస్టరు."

అతను చాలాసేపు ఫ్యాన్ వంక చూశాడు. తర్వాత లేచి, చెయ్యి కడుక్కుని, విశ్వకర్మ పటం ముందు ఒక కొబ్బరికాయ కొట్టి, లెంపలేసుకుని, బంతిదండ తీసి లాప్‌టాప్ కూతురికిచ్చాడు. "కానీ."

ఆమె మీట నొక్కింది. లాప్‌టాప్ ఉలకలేదు, పలకలేదు. ఛార్జర్ పెట్టబోతే లోపలికి దిగలేదు. వంగి చూసింది. లాప్‌టాప్‌కి పక్కల ఎన్ని కన్నాలున్నాయో అన్నింటి నిండా తెల్లగా, గట్టిగా, సువాసనగా గంధం.

"అమ్మా!"

"ఏటే? మిషను అన్నాక ప్రతి కంటికీ బొట్టెట్టాలి గదా. పొద్దున్న నాలుగు మాట్లు అరగదీసినాను."

"అది కన్ను కాదమ్మా, నోరు!"

"అయితే నైవేద్యం అనుకో," అంది సింహాచలమ్మ, కానీ ఆమె మొహమూ వాడిపోయింది. "మరిప్పుడు ఎవరు తీస్తారు?"

తీయగలిగినవాడు ఊళ్ళో ఒక్కడే అని నీలవేణికి తెలుసు. ఆ పేరు వినగానే జగ్గారావు కస్సుమన్నాడు. "ఆడా! మిషను మార్సినోడా! ఆడు మళ్ళీ..."

"అతను మార్చలేదు నాన్నా. నేనే మార్చమన్నాను."

జగ్గారావు ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాడు.

"అతను మొదటే తేలికది తీసుకోమన్నాడు. నాకు ఒళ్ళు మండి బరువుది తీసుకున్నాను. మొయ్యలేకపోయాను. నువ్వు అందరికీ చెప్పుకుని మురిసిపోతుంటే నీతో చెప్పలేకపోయాను. ఆ రోజు షాపులో అతను నన్ను చూసి తప్పు మీదేసుకున్నాడు."

జగ్గారావు మెల్లగా కూర్చున్నాడు. "బాగా పలికినాది గదే అది," అన్నాడు, చిన్నబోయి.

"పలికింది నాన్నా. నా భుజం కూడా పలికింది."

"నీ తండ్రి సంగతి సరే," అంది సింహాచలమ్మ నడుం మీద చెయ్యేసుకుని. "పరాయి గుంటడు నీ వల్ల మాటపడతంటే, నోట్లో బెల్లంగడ్డ ఎట్టుకుని నిలబడ్డావేటే? ఇదేనా నీ ఎమ్మెస్సీ?"

నీలవేణి తల వంచుకుంది. జగ్గారావు చెయ్యి చాపాడు. "ఆ ఫోన్ కలుపు. నేనే మాటాడతాను."

కలిపి ఇచ్చింది. అతను గొంతు సవరించుకుని, కంట్రోల్ రూమ్‌తో మాట్లాడినట్టు అన్నాడు. "హలో. జగ్గారావుని. న్యూ సెటిల్‌మెంట్ నుంచి. బ్రేక్‌డౌన్. బేగి రావాల." ఒక్క క్షణం ఆగి, "ఆ దినం అన్న మాట తప్పు," అని ఫోన్ పెట్టేశాడు.

సిరిల్ వానలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. గేటు తీసి, గుమ్మం ముందు ఆగిపోయాడు.

"రావేటి?" అన్నాడు జగ్గారావు.

"గుమ్మం తొక్కొద్దన్నారు కదా అంకుల్."

"బ్రేక్‌డౌన్‌కి వచ్చినోడికి గుమ్మాలుండవు. రా."

సిరిల్ ముగ్గు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నీలవేణి వైపు చూడలేదు. చిన్న బ్రష్షుతో, స్పిరిట్‌తో, సన్నటి సూదితో ఒక్కో కన్నం శుభ్రం చేశాడు.

"మంచి గంధం బాబూ, కల్తీ నేదు," అంది సింహాచలమ్మ, తప్పు చేసినదానిలా.

"తెలుస్తోందండీ. ఇంత బాగా వాసన వచ్చే లాప్‌టాప్ నా చేతికెప్పుడూ రాలేదు."

నీలవేణి అతని చెవిలో పడేంత మెల్లగా అంది, "నాన్నకి చెప్పేశాను. అన్నీ."

బ్రష్షు ఆగింది. అతను అప్పుడు తలెత్తి చూశాడు. లాప్‌టాప్ కూడా అప్పుడే వెలిగింది.

ఆమె చెయ్యి ముందుకి చాపగానే జగ్గారావు ఆపాడు. "బ్రేక్‌డౌన్‌లో ఒక్కడి సెయ్యే ఆడాల. ఇద్దరు సేతులెడితే ఏక్సిడెంటు మీద ఏక్సిడెంటు. నువ్వు సెప్పు, ఆడు కొడతాడు."

"నాన్నా, టైమ్..."

"రూలు."

ఆమె నిలబడి ఇంగ్లీషులో చెప్పడం, అతను కొట్టడం మొదలైంది. రెండే రెండు వేళ్ళతో.

"రెండు వేళ్ళతోనా?" అంది నీలవేణి గుండె పట్టుకుని.

"నేను విప్పేవాణ్ణండీ, టైప్ చేసేవాణ్ణి కాదు."

"ఏటి రాయిస్తన్నాది?" అన్నాడు జగ్గారావు.

"మీ గురించే అంకుల్. చక్రం చప్పుడు విని పగులు పట్టే మనిషి చెవిలో ఏం జరుగుతుందో ఇది నేర్చుకుంటుందట."

జగ్గారావు వంగి ఆ అక్షరాల వంక చూశాడు. "సలికాలంలో చక్రం వేరేగా పలుకుతాది. అది రాసినారా?" అన్నాడు తర్వాత.

నీలవేణి, సిరిల్ మొహమొహాలు చూసుకున్నారు. రాయలేదు. అది రాశారు. తడి చక్రం సంగతి, లోడున్న చక్రం సంగతి కూడా రాశారు. చివరి పేజీ అలా పూర్తి కావచ్చింది.

"మీ అమ్మగారెవరు బాబూ?" అంది సింహాచలమ్మ కిచిడీ గిన్నె పట్టుకొచ్చి.

"సూసన్న టీచరండీ. తాల్‌బగీచాలో ఉంటాం."

"ఓలమ్మో! దీన్ని మూడో తరగతిలో బెంచీ ఎక్కించిన సూసన్న టీచరేటి?"

"'సూసన్న టీచర్' అని ప్రాజెక్టులో కొట్టేశారు, చెరపండి!" అని నీలవేణి అరిచింది.

ఐదుకి ఇంకా కొంచెం టైముండగా, ఆమె ఫోన్ నెట్ మీద ఫైలు వెళ్ళింది. చేరినట్టు పచ్చ గుర్తు వచ్చింది.

"లైన్ క్లియర్!" అన్నాడు జగ్గారావు.

సిరిల్ అడక్కుండానే పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసి నీలవేణి చేతిలో పెట్టాడు. అప్పుడు కూడా 'నేను ముందే చెప్పాను కదా' అనలేదు. ఆమె దాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"ఇప్పుడు సెప్పు బాబూ," జగ్గారావు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "మేదినీపూర్లో అన్నేసి కంప్యూటర్లు ఎందుకు పాడయినాయి?"

సిరిల్ చేతిలోని కిచిడీ గిన్నెలోకి తల వంచాడు. నీలవేణి గోడకి అతుక్కుపోయింది.

"ఆ లోకల్‌కి గార్డు వినోద్. నాతో రోజూ క్యాంటీన్లో టీ తాగుతాడు. వానలో అద్దం దించకుండా కూర్చున్న సంగతి కూడా సెప్పినాడు."

రైల్వే ఊళ్ళో ఉన్నవాళ్ళు రైల్లో ప్రేమించకూడదు. ఆ తెలివి ఇద్దరికీ ఆలస్యంగా వచ్చింది.

సిరిల్ గిన్నె కింద పెట్టాడు. "మేదినీపూర్‌లో ఒక్క కంప్యూటరూ పాడవలేదు అంకుల్."

"మరి?"

"టికెట్టు కొనుక్కుని వెళ్ళి, అటు దిగి, తర్వాతి బండిలో తిరిగి వచ్చేవాణ్ణి. షాపులో సెలవు పెట్టి."

"దీనికి సెప్పినావా ఆ ముక్క?" అంది సింహాచలమ్మ.

"లేదండీ."

"సెప్పనోడికి అంత తిరుగుడేటి!"

జగ్గారావు మీసం దువ్వుకున్నాడు. కోపమో కాదో మొహం చూస్తే తెలియలేదు. "మీది చర్చి, మాది కోవెల. సూసన్న టీచరు ఏమంటాదో, మా వాళ్ళు ఏమంటారో. అదంతా ఇప్పుడు కాదు. ముందు దీని చదువవ్వాల. అయ్యాక మీ అమ్మా మేమూ కూర్చుని మాటాడతాం. అసలు ఇదేటంటాదో దీన్ని అడగాల." అతను లేచి నిలబడ్డాడు. "ఇప్పటికి బ్రేక్‌డౌన్ అయిపోనాది. మళ్ళీ పూజ. ఆ లాప్‌టాప్ ముగ్గులో ఎట్టండి. ఫోన్లు కూడా! అవి మాత్రం మిషన్లు కావేటి? పొద్దున్న నేను మర్సిపోనాను."

బంతిదండ కింద లాప్‌టాప్, దాని పక్కన మూడు ఫోన్లు పడుకున్నాయి. సింహాచలమ్మ వాటికి కుంకుమ మాత్రం పెట్టింది. గంధం జోలికి పోలేదు.

సిరిల్‌ని సాగనంపడానికి నీలవేణి గేటు దాకా వచ్చింది. జల్లు సన్నగా పడుతోంది. కరెంటు తీగ మీద తెగిన గాలిపటం ఒకటి తడిసి వేలాడుతోంది.

"ఇప్పుడేం చెప్పొద్దు," అన్నాడు సిరిల్ సైకిల్ హాండిల్ వంక చూస్తూ. "ఆలోచించుకోండి. రాత్రికి మెసేజ్ పెట్టండి. అవునైతే అవును, కాదైతే కాదు."

"ఫోన్ పూజలో ఉంది. రేపు పొద్దున్న దాకా ముట్టకూడదు."

"అయితే రేపు పొద్దున్న."

"అంతదాకా ఆగగలరా?"

అతను నిజాయితీగా ఆలోచించాడు. "ఆగలేను."

నీలవేణి వెనక్కి చూసింది. ముందు గది తెర కింద రెండు జతల పాదాలు కదలకుండా ఉన్నాయి.

"అవును," అంది.

సిరిల్ తలెత్తి ఆమె వైపు చూశాడు. తెర వెనక నుంచి సింహాచలమ్మ గుసగుస వీధి చివరి దాకా వినిపించింది. "ఏటన్నాది? వానలో వినపడనేదు. గట్టిగా సెప్పమను!"

"అవునన్నానమ్మా!" అని అరిచింది నీలవేణి.

"వినపడ్డాదిలే, ఊరంతా వినపడ్డాది," అన్నాడు జగ్గారావు తెర తీసి. "వానలో నిలబడతారేటి ఇద్దరూ? లోనకి రండి. కిచిడీ ఇంకా ఉంది."

సిరిల్ సైకిల్‌కి స్టాండ్ కూడా వెయ్యలేదు. అది గేటుకి ఒరిగి మెల్లగా కిందకి జారుతుంటే, అతను అప్పటికే నీలవేణి కంటే ముందు గుమ్మం దాటేశాడు.